ఇంకా తింటున్నాడు కదండీ: పదమూడేళ్ళ లాబ్రడార్‌కు వీడ్కోలు నిర్ణయం – ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని కుక్క పదమూడేళ్ళ మగ లాబ్రడార్. హైదరాబాద్ పద్మారావునగర్‌లోని ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, పదవీ విరమణ చేసిన లెక్చరర్ దంపతుల ఇంటికి నలభై రోజుల పిల్లగా వచ్చి, అక్కడే ముసలివాడయ్యాడు. పెట్టిన గిన్నె పెట్టినట్టే ఖాళీ చేసే తీరు చూసి భీముడని పేరు పెట్టారట. ఆ ఇంట్లో దంపతులతో పాటు ఇంటర్ చదివే మనవరాలు ఉంటుంది. కొడుకు, కోడలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. కుటుంబం అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.

భీముడికి వచ్చిన జబ్బు ముసలి లాబ్రడార్లలో తరచుగా చూసేదే. అయినా ఈ కేసును వివరంగా రాయాలనిపించింది. ముసలి కుక్క ఉన్న ఇళ్ళలో పశువైద్యుడిగా నేను అన్నింటికంటే ఎక్కువగా వినే మాట "ఇంకా తింటున్నాడు కదండీ" అన్నది. తిండి మానేసిన రోజే ఆలోచించాల్సిన రోజని, అంతవరకూ ఆ ప్రస్తావన తేవడమే అపచారమని చాలామంది నమ్ముతారు. భీముడు ఆఖరి ఉదయం కూడా గిన్నె నాకి శుభ్రం చేశాడు. ఆ ఉదయమే వాడిని ఇంజెక్షన్ ఇచ్చి బాధ లేకుండా సాగనంపడం సరైనదని ఆ కుటుంబమూ నేనూ ఏ ఆధారాలతో నిర్ణయించుకున్నామో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి పరీక్ష

డిసెంబరులో తీసుకొచ్చినప్పుడు మాస్టారు చెప్పిన ఫిర్యాదు వెనక కాళ్ళ గురించి. కారులోకి ఎక్కలేకపోతున్నాడని, హాల్లో టైల్స్ మీద లేవబోయి చతికిలపడుతున్నాడని చెప్పారు. అమ్మగారి ఫిర్యాదు వేరు. దసరా తర్వాత నుంచి మొరుగు మారిందని, బొంగురుపోయిందని, నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోందని అన్నారు. గొంతు సంగతి చిన్నదని, వయసు వల్ల వచ్చిన కాళ్ళనొప్పులే పెద్దవని మాస్టారు అనుకున్నారు. నిజానికి ఆ రెండూ ఒకే జబ్బుకు రెండు కొసలు.

వెనక పాదాలు చూస్తే నడిమి రెండు వేళ్ళ గోళ్ళు ముందువైపు నుంచి అరిగిపోయి, లోపలి ఎర్రటి భాగం బయటపడింది. నడిచేటప్పుడు పాదం పూర్తిగా లేవకుండా నేలను రాసుకుంటోందన్నమాట. పాదాన్ని మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టి వదిలితే ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. భీముడు ఎడమ పాదాన్ని కాసేపటికి సరిచేసుకున్నాడు. కుడి పాదాన్ని మాత్రం అలాగే వదిలేసి నా బల్ల మీది బిస్కెట్ డబ్బా వైపు చూడసాగాడు. తన పాదం ఎలా ఉందో వాడికి తెలియడం లేదు. తొడల కండరాలు చేత్తో తడిమితే ఎముక తగిలేంతగా కరిగిపోయాయి. స్టెతస్కోపును ఛాతీ మీద కంటే గొంతు మీద పెట్టినప్పుడు, ఊపిరి లోపలికి తీసుకునే ప్రతిసారీ గరగరమనే శబ్దం స్పష్టంగా వినిపించింది.

తేలికపాటి మత్తులో స్వరపేటికను చూశాను. ఊపిరి పీల్చేటప్పుడు రెండు వైపులా తలుపుల్లా తెరుచుకోవాల్సిన మృదులాస్థులు తెరుచుకోవడం లేదు. ఎడమది పూర్తిగా, కుడిది చాలావరకు కదలిక కోల్పోయాయి. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నా అన్నవాహిక కొద్దిగా వెడల్పైంది. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 వచ్చింది, తుంటి కీళ్ళలో పాత అరుగుదల కనిపించింది. ముసలితనంలో మొదలయ్యే స్వరపేటిక పక్షవాతం, దానితో పాటు ఒళ్ళంతా నెమ్మదిగా వ్యాపించే నరాల క్షీణత అని నిర్ధారించాను. ఈ జబ్బు శరీరంలో అన్నింటికంటే పొడవైన నరాలను ముందుగా దెబ్బతీస్తుంది. స్వరపేటికకు వెళ్ళే నరం ఛాతీలోకి దిగి మళ్ళీ గొంతులోకి ఎక్కుతుంది. వెనక పాదాలకు వెళ్ళే నరం నడుము నుంచి వేళ్ళ దాకా సాగుతుంది. అందుకే గొంతూ కాళ్ళూ కలిసి దెబ్బతిన్నాయి. ఈ నరాల క్షీణతను వెనక్కి తిప్పే మందు లేదు.

హైదరాబాద్‌లో ఈ జబ్బుకు ఇంకో ముఖం ఉంది, అది ఎండ. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. ముఖ్యంగా రొప్పడం ద్వారానే అది ఒంట్లోని వేడిని బయటికి పంపుతుంది. స్వరపేటిక తెరుచుకోని కుక్క ఎంత రొప్పినా చాలినంత గాలి ఆడదు, కాబట్టి వేడి దిగదు. వేడి దిగకపోతే ఇంకా గట్టిగా రొప్పుతుంది, ఆ ఒత్తిడికి గొంతు లోపలి పొర వాచి దారి మరింత ఇరుకవుతుంది. డిసెంబరు చలిలో బాగానే గడిచిపోయే కుక్కకు ఏప్రిల్ మధ్యాహ్నం ప్రాణాంతకం కావచ్చు. ఈ సంగతి మొదటి రోజే చెప్పాను. ఎప్పుడు అనే ప్రశ్నకు సమాధానం వాడి వయసు కంటే క్యాలెండరు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని కూడా చెప్పాను.

శస్త్రచికిత్స గురించి వివరంగానే మాట్లాడుకున్నాం. ఒక వైపు మృదులాస్థిని పక్కకు లాగి కుట్టివేస్తే గాలి దారి శాశ్వతంగా తెరిచి ఉంటుంది. అన్నవాహిక బాగా పనిచేస్తూ, కాళ్ళలో సత్తువ ఉన్న కుక్కలకు ఈ ఆపరేషన్ మంచి కాలాన్ని ఇస్తుంది, వాటి యజమానులకు నేను దాన్ని గట్టిగానే సూచిస్తాను. అయితే తెరిచి ఉంచిన దారిలోకి గాలితో పాటు తిండీ నీళ్ళూ వెళ్ళే ప్రమాదం కూడా శాశ్వతంగా ఉంటుంది. భీముడి అన్నవాహిక అప్పటికే వెడల్పైంది, వెనక కాళ్ళు ఎలాగూ ఆగకుండా క్షీణిస్తాయి. ఆపరేషన్ వద్దని కుటుంబం అనుకుంది, నేనూ ఏకీభవించాను.

సంరక్షణ విషయంలో వాళ్ళు ఏ లోటూ చేయలేదు. మెడకు బెల్టు తీసేసి ఛాతీకి హార్నెస్ వేశారు. హాలు నుంచి బాల్కనీ దాకా రబ్బరు చాపలు పరిచారు. అన్నం తగ్గించి, గుమ్మడికాయ, చికెన్ పెంచి మార్చికల్లా బరువును 36 నుంచి 33 కిలోలకు దించారు. కీళ్ళనొప్పికి గాబాపెంటిన్, తక్కువ మోతాదులో మెలాక్సికామ్ ఇస్తూ నెలకోసారి మూత్రపిండాల పరీక్ష చేయించాం. ఇంట్లో పెద్దల కోసం ఉంచుకున్న డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మాత్రలు ఎంత చిన్న ముక్కయినా కుక్కకు వేయకూడదని ఈ సందర్భంలో మరోసారి చెబుతున్నాను. వాటివల్ల కడుపులో పుండ్లుపడి, మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కలు ఇప్పటికీ క్లినిక్‌కు వస్తూనే ఉన్నాయి.

నాలుగు పనుల నోటుపుస్తకం

జనవరిలో మనవరాలు ఫోనులో ఒక పట్టిక చూపించింది. అమెరికాలో క్యాన్సర్ చికిత్స చేసే పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ప్రతిపాదించిన జీవన నాణ్యత కొలమానం అది. బాధ, ఆకలి, ఒంట్లో నీటి శాతం, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది, ఇలా ఏడు అంశాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి కలపాలి. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చని దాని భావం. ఆ అమ్మాయి వేసిన లెక్కలో భీముడికి 48 వచ్చాయి.

ఆ కొలమానాన్ని నేను గౌరవిస్తాను, చాలా కుటుంబాలకు ఇస్తాను కూడా. కానీ మార్కులన్నీ కలిపేసే దగ్గర నాకు అభ్యంతరం ఉంది. భీముడికి ఆకలికి పది, నీటికి పది ఎప్పుడూ వస్తాయి. ఆ ఇరవై మార్కులు మిగిలినవాటిలో ఎంత లోటు ఉన్నా కప్పేస్తాయి. బాధ అనే మొదటి అంశంలోనే ఊపిరి ఆడటాన్ని కూడా చేర్చి, దానికే అన్నింటికంటే ప్రాధాన్యం ఇవ్వాలని ఆ పట్టిక రూపొందించిన ఆమె స్పష్టంగా చెప్పారు. ఊపిరి దగ్గర సున్నా పడ్డ కుక్కకు మొత్తంలో నలభై వచ్చినా ఆ నలభైకి అర్థం లేదు. అందుకని నేను మొత్తాన్ని చూడను, అన్నింటికంటే తక్కువ మార్కు ఎక్కడ పడిందో చూస్తాను.

లాబ్రడార్ విషయంలో ఆకలిని కొలతగా తీసుకోకపోవడానికి మరో కారణం ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఈ జాతి కుక్కల్లో సుమారు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక చిన్న భాగం లోపించి ఉంటుందని, అలాంటి కుక్కలు తిండి కోసం ఎక్కువగా వెంపర్లాడతాయని గుర్తించారు. భీముడికి ఆ జన్యు పరీక్ష చేయలేదు. చేయాల్సిన అవసరమూ లేదు. పైగా వాడి జబ్బు నరాలది. కడుపు, కాలేయం బాగున్నాయి, మెదడు చురుగ్గా ఉంది. ఆకలి చచ్చిపోయే జబ్బే కాదది. తిండి మానేసే రోజు కోసం ఎదురుచూస్తే ఆ రోజు రాకుండానే ఊపిరి ఆగిపోయే రోజు వస్తుంది.

అందుకని ఆ పట్టికకు బదులు భీముడికే ప్రత్యేకమైన నాలుగు పనులు రాయమన్నాను. వాడు కాస్త బాగున్న కాలంలోనే, ఏ తొందరా లేకుండా రాయాలి. ఏం చేస్తే వాడు వాడిలా ఉన్నట్టో ఇంట్లోవాళ్ళే చెప్పాలి, తిండి మాత్రం ఆ జాబితాలో ఉండకూడదు. అమ్మగారికి ఇది నచ్చలేదు. పదమూడేళ్ళుగా తన చేత్తో పెట్టిన తిండిని లెక్కలోంచి తీసేయమనడం ఆమెకు కష్టంగా అనిపించింది. తినడం వాడికి ఆనందమేనని, అది మన సంతృప్తికి కూడా కొలత అవుతుంది కాబట్టే పక్కన పెడుతున్నామని చెప్పాను. చివరికి నాలుగు రాశారు. మాస్టారు బయటి నుంచి వచ్చినప్పుడు తలుపు దాకా రావడం. పొద్దున బాల్కనీలో కూర్చుని కింద కూరగాయల బండిని చూడటం. రాత్రి ఒక్క నిద్ర పోవడం. మలమూత్రాలకు తానే లేవడం. వీటిలో రెండు ఆగిపోయినప్పుడు నాకు ఫోన్ చేయాలని, మూడు ఆగిపోతే అందరం కూర్చుని మాట్లాడుకోవాలని ముందే ఒప్పందం చేసుకున్నాం. ప్రతి రాత్రీ రాసే బాధ్యత మనవరాలు తీసుకుంది.

మార్చి నెలాఖరు

ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, పార్శిల్ తెచ్చిన కుర్రాడు బెల్లు కొట్టాడు. భీముడు లేవబోయి, మొరగబోయి, రొప్పడం మొదలుపెట్టాడు. ఆ రొప్పు ఆగలేదు. మనవరాలు ఫోన్ చేసినప్పుడు వాడి ఊపిరి శబ్దం ఫోనులోనే నాకు వినిపించింది. మామూలు కుళాయి నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, విసనకర్రతో విసురుతూ, తడి తువ్వాలు కప్పకుండా వెంటనే బయలుదేరమన్నాను. తువ్వాలు కప్పితే ఒంట్లోని వేడి దాని కిందే నిలిచిపోతుంది. వచ్చేసరికి నాలుక ఊదారంగుకు తిరిగింది, ఒంటి వేడి 41.4 డిగ్రీల సెల్సియస్ ఉంది. కుక్కకు మామూలుగా ఉండాల్సింది 38 నుంచి 39.2. ఆక్సిజన్ పెట్టి, భయాన్నీ ఆయాసాన్నీ తగ్గించేందుకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చల్లబరచడం కొనసాగించాం. 39.5కు దిగగానే ఆపేశాం. అంతకు మించి చల్లబరిస్తే వేడి పడిపోతూనే ఉండి వేరే ప్రమాదం తెస్తుంది. సాయంత్రానికి నాలుక గులాబీ రంగుకు వచ్చింది. రాత్రి ఇంటికి వెళ్ళి పెరుగన్నం తిన్నాడు.

ఆ పెరుగన్నమే అమ్మగారికి ధైర్యమిచ్చింది. "గండం గడిచిందండీ, చూడండి ఎలా తింటున్నాడో" అని వీడియో పంపారు. గండం గడిచిన మాట నిజమే. కానీ ఒకసారి వాచిన గొంతు రెండోసారి ఇంకా త్వరగా మూసుకుంటుందని, వేసవి ఇంకా ఇప్పుడే మొదలవుతోందని మర్నాడు వచ్చినప్పుడు మాస్టారికి చెప్పాను.

ఆ తర్వాత వెనక కాళ్ళు త్వరగా జారిపోయాయి. పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తితేనే నిలబడగలిగే స్థితి వచ్చింది. నోటుపుస్తకంలో ఏప్రిల్ రెండో వారం నాటి ఒక పుట ఇలా ఉంది: "తలుపు: రాలేదు, పడుకునే తోక ఊపాడు. బాల్కనీ: తాతయ్య చాప మీద లాక్కెళ్ళాడు, దీన్ని ఉన్నట్టు రాయాలా, లేనట్టు రాయాలా? నిద్ర: రెండింటికి లేచాడు, నాలుగు దాకా ఆయాసం. బయటికి: పక్క మీదే. తిండి: మొత్తం తిన్నాడు." జాబితాలో లేకపోయినా చివరి మాట ఎవరి కోసం రాసిందో నాకు అర్థమైంది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు లేనట్టే రాయాలని జవాబిచ్చాను. పని వాడిది కావాలి, తాతయ్యది కాదు.

ఈ దశలో ఇంటి మనుషుల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. డెబ్బై దాటిన మాస్టారు ముప్పై మూడు కిలోల కుక్కను రోజుకు అయిదారుసార్లు లేపుతున్నారు, నడుముకు బెల్టు పెట్టుకుని వస్తున్నారు. అమ్మగారికి బీపీ మందులున్నాయి, రాత్రిళ్ళు నిద్ర లేదు. పరీక్షలు దగ్గరపడ్డ పిల్ల కుక్క పక్కనే పడుకుంటోంది. తమ అలసట గురించి మాట్లాడటమే స్వార్థమని ఇలాంటి కుటుంబాలు అనుకుంటాయి, నేను అడిగితే తప్ప చెప్పరు. చూసుకునేవారు కుప్పకూలితే కుక్కను చూసుకునేవారు ఉండరు. కాబట్టి అది కుక్కకు సంబంధించిన వైద్య సమాచారమే. నేను అడిగి రాసుకుంటాను.

నిర్ణయం

మూడు పనులు ఆగిపోయాక వాళ్ళింటికే వెళ్ళి కూర్చున్నాను. కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. మే నెల రెండో వారంలో సెలవు దొరుకుతుందని, అప్పటిదాకా ఆగమని అతను కోరాడు. మాస్టారు నన్ను సూటిగా అడిగారు: "మీ కుక్కే అయితే ఏం చేస్తారు డాక్టర్ గారూ?"

ఈ ప్రశ్నకు "మీ ఇష్టమండీ" అని తప్పుకోవడం సరికాదని నా నమ్మకం. నిర్ణయం యజమానిదే. కానీ జబ్బు ఎటు వెళుతుందో ఇంతకుముందు చూసినవాడు తన అభిప్రాయం చెప్పకపోతే ఆ భారమంతా ఎప్పుడూ చూడనివాళ్ళ మీద పడుతుంది. ఏప్రిల్ దాటనివ్వనని చెప్పాను. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నాలు నలభై డిగ్రీలు దాటుతాయి, నెలాఖరుకు రోహిణి కార్తె వస్తుంది. ఏసీ గదిలో ఉంచినా కరెంటు పోవచ్చు, బెల్లు మోగవచ్చు, పిడుగు పడవచ్చు. రెండోసారి ఆయాసం అర్ధరాత్రి వస్తే మన చేతిలో ఉండేది ఆటో కోసం పరిగెత్తడం ఒక్కటే. అలాంటి రాత్రి వాడి ఆఖరి జ్ఞాపకం కాకూడదని అన్నాను. కొడుకు కాసేపు మాట్లాడలేదు, తర్వాత శనివారానికి బస్సు టికెట్ చూస్తానన్నాడు.

అమ్మగారు ఒప్పుకోలేదు. "ఆయుష్షు ఉన్నన్నాళ్ళూ ఉండనివ్వకుండా మనం ముగించడం పాపం కాదా డాక్టర్ గారూ?" అన్నారు. పాపపుణ్యాల గురించి చెప్పే అర్హత నాకు లేదని, ఊపిరి గురించి మాత్రం చెప్పగలనని అన్నాను. ముసలి కుక్కల్లో సహజ మరణాన్ని ఇంట్లోనే భరించదగినట్టు చేయగలిగిన జబ్బులు కొన్ని ఉన్నాయి. కొన్ని క్యాన్సర్లలో, మూత్రపిండాలు నెమ్మదిగా చేతులెత్తేసే స్థితిలో, కుక్క మగతలోకి జారుకుంటుంటే నొప్పికీ వాంతికీ మందులిస్తూ దగ్గరుండి చూసుకోవచ్చు. ఇంజెక్షన్ వద్దనుకున్న అలాంటి కుటుంబాలను నేను ఒత్తిడి చేయను. స్వరపేటిక మూసుకుపోయే జబ్బులో మగత ఉండదు. కుక్క పూర్తి తెలివితో, గాలి కోసం పెనుగులాడుతూ పోతుంది. ఈ తేడా ఒక్కటే ఆమెకు చెప్పి, సమయం తీసుకోమన్నాను.

చట్టం గురించి మాస్టారు విడిగా అడిగారు. అర్హత ఉన్న పశువైద్యుడు, నయం కాని బాధలో ఉన్న పెంపుడు జంతువుకు యజమాని రాతపూర్వక అంగీకారంతో బాధలేని మరణం ఇవ్వడం మన దగ్గర ఆచరణలో ఉన్నదే. జంతువును బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటి ఉంటుందని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 13వ సెక్షన్ కూడా గుర్తించింది. ఆ సెక్షన్ న్యాయస్థానాలూ అధికారులూ ఇచ్చే ఆదేశాల గురించినదే అయినా, అందులోని ఆ భావన ఆయనకు ఊరటనిచ్చింది.

నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున అమ్మగారే ఫోన్ చేశారు. ఆ రాత్రంతా తడి గుడ్డతో వాడి పాదాలు తుడుస్తూ కూర్చున్నానని చెప్పారు. "పిలిస్తే నా వైపు చూడలేదండీ. గోడవైపు చూస్తూ ఊపిరి లాగుతూనే ఉన్నాడు. ఇప్పుడు లేచి ఇడ్లీ తిన్నాడు. తిన్నాడు గానీ, రాత్రి ఆ రెండు గంటలు వాడు వాడిలా లేడు." ఆ మాటతో ఆమె తిండినీ ఊపిరినీ వేరుచేసి చూశారు. ఆదివారం ఉదయానికి నిర్ణయించుకున్నాం.

ఆదివారం ఉదయం

ఉదయం ఆరున్నరను నేనే ఎంచుకున్నాను. చల్లని వేళ వాడికి ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. అందులో ఒక కష్టం కూడా ఉంది: ఆ వేళలో వాడు అన్నింటికంటే బాగా కనిపిస్తాడు. తోక ఊపుతాడు, ముఖం వెలుగుతుంది, ఇంట్లోవాళ్ళకు తొందరపడుతున్నామేమోనన్న అనుమానం తప్పకుండా వస్తుంది. ముందురోజు సాయంత్రం ముంజేతి రక్తనాళానికి క్యాన్యులా (మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టి కట్టు కట్టేందుకు వెళ్ళినప్పుడే ఈ మాట అందరికీ చెప్పి ఉంచాను. చెప్పి ఉంచకపోతే ఆ ఉదయం ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి, ఆగిపోయి వారం తిరక్కుండా అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చినవీ ఉన్నాయి.

అనుకున్నట్టే, రాత్రి బస్సు దిగి వచ్చిన కొడుకు వాడి తల నిమురుతూ "బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నాడు. "నువ్వు రాత్రి చూడలేదురా" అని మాత్రం అన్నారు అమ్మగారు. నేను ఏమీ కల్పించుకోలేదు. వద్దంటే వెనక్కి వెళ్ళిపోతానని ముందే చెప్పి ఉన్నాను. మాస్టారు చాపను బాల్కనీలోకి లాగారు. రెండు ఉడికించిన గుడ్లు, పెరుగన్నం పెట్టారు. తినిపించవచ్చా అని అమ్మగారు ముందే అడిగితే సరేనన్నాను. వాంతి తెప్పించే గుణమున్న జైలజీన్ అనే మత్తుమందును ఈ కుక్కకు వాడదలచుకోలేదు, మగత కోసం నేను ఎంచుకున్న ఏస్‌ప్రోమజీన్, బ్యూటార్ఫనాల్ రెండూ వాంతిని అణచేవే.

జరగబోయేదంతా ముందుగా చెప్పాను. మొదటి ఇంజెక్షన్‌తో మగత వస్తుంది, పిలిస్తే చెవులు కదిలించవచ్చు. రెండోదానితో పూర్తి మత్తు. ఆ తర్వాత వాడికి ఏమీ తెలియదు. థయోపెంటోన్ అనే మత్తుమందు అధిక మోతాదు ఇచ్చాక మొదట శ్వాస, ఆ వెంటనే గుండె ఆగుతాయి. కళ్ళు మూతపడవు. మూత్రం పోవచ్చు, కండరాలు అదరవచ్చు, గుండె ఆగాక కూడా ఒకటి రెండు సార్లు నోరు తెరిచి గాలి పీల్చినట్టు కావచ్చు, అది బాధకు గుర్తు కాదు. ఈ చివరి సంగతి ముందే చెప్పకపోతే ఆ ఒక్క దృశ్యం ఇంట్లోవాళ్ళను ఏళ్ళ తరబడి వేధిస్తుంది.

మొదటి ఇంజెక్షన్ పనిచేయడం మొదలయ్యాక, నెలలుగా ఇంట్లో వినిపిస్తున్న ఆ గరగర శబ్దం నెమ్మదించింది. అమ్మగారు వాడి తలను ఒళ్ళో పెట్టుకున్నారు, మనవరాలు ముందరి పాదం పట్టుకుంది. మిగిలినవన్నీ చెప్పినట్టే జరిగాయి. గుండె చప్పుడు ఆగిందని స్టెతస్కోపుతో కొన్ని నిమిషాల పాటు విని, కనుగుడ్డు తాకితే స్పందన లేదని చూసి, అప్పుడే పోయాడని చెప్పాను. ఈ నిర్ధారణలో తొందర పనికిరాదు.

అపార్ట్‌మెంటు కుటుంబాలకు ఆ తర్వాత ఎక్కడికి అన్నది పెద్ద ప్రశ్న. వీరు ఫతుల్లాగూడలో జీహెచ్ఎంసీ జంతు దహనవాటికకు తీసుకెళ్ళారు. ఊళ్ళో పొలం ఉన్నవారు పూడ్చిపెట్టాలనుకుంటే చాలా లోతుగా తవ్వాలి. థయోపెంటోన్ లాంటి మందు శరీరంలో అలాగే ఉంటుంది కాబట్టి, పైపైన పూడ్చితే తవ్వి తిన్న కుక్కలకూ పక్షులకూ అదే విషమవుతుంది.

తరువాత అడిగిన ప్రశ్న

మే నెలలో అమ్మగారు మనవరాలితో కలిసి మిగిలిన మందులు తిరిగివ్వడానికి క్లినిక్‌కు వచ్చారు. కూర్చుని, ఇంకో నెల ఉండేవాడా అని అడిగారు. బహుశా ఉండేవాడేనని చెప్పాను. తిండి తింటున్న కుక్క, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్న కుక్క, ఏసీ గదిలో అన్ని జాగ్రత్తలతో మే నెల దాటినా ఆశ్చర్యం లేదు. కొన్ని రాత్రులు మంచివే ఉండేవి. ఏ రాత్రి రెండోసారి ఆ ఆయాసం వస్తుందో మాత్రం ఎవరికీ ముందుగా తెలిసేది కాదు, ఆ రాత్రి వాడి పక్కన మీరొక్కరే ఉండేవారని అన్నాను. ఆ మాట కోసమే వచ్చానని ఆమె అన్నారు. నేను "లేడమ్మా, ఉండేవాడు కాదు" అని ఉంటే నమ్మేదాన్ని కాదన్నారు. మందుల స్ట్రిప్పులు లెక్కపెట్టి ఇచ్చి, మూడు గాబాపెంటిన్ మాత్రలు తక్కువైనట్టు ఉన్నాయని మనవరాలి వైపు తిరిగి అడిగారు. అవి ఆఖరి మూడు రాత్రులవని ఆ పిల్ల నోటుపుస్తకం తీసి చూపించింది.